ప్రొపోజిషన్లు, మెజర్లు: ఓటు వేసేముందు ఏం చదవాలి, ఏ వరుసలో చదవాలి

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. ఈ ఏడాదే అమెరికా పౌరసత్వం వచ్చింది, ఉంటున్నది కాలిఫోర్నియాలో. తొలి బ్యాలెట్ పోస్టులో ఇంటికి వచ్చింది. అభ్యర్థుల సంగతి తెలుస్తోంది గానీ, వరుసగా ఉన్న ప్రొపోజిషన్లు, మెజర్లు, అంటే నేరుగా ప్రజల ఓటుకే పెట్టిన రాష్ట్ర, స్థానిక ప్రతిపాదనలు, ఎంత చదివినా బోధపడటం లేదు. "అర్థం కానివాటన్నిటికీ నో పెట్టేయమ్మా, గొడవ ఉండదు" అని మీ బావగారు అంటున్నారు. ఆ మాట వినాలా? వినకపోతే ఏం చదవాలి?

ముందుగా అభినందనలు. ఇక్కడి ఎన్నికల్లో నేను పోలింగ్ కేంద్రంలో పనిచేస్తుంటాను. చేతిలో బ్యాలెట్ పట్టుకుని, ఫోనులో ప్రొపోజిషన్ల అర్థం వెతుక్కునేవాళ్లు ప్రతి ఎన్నికలోనూ కనిపిస్తారు. పెద్ద చదువులు చదివినవాళ్లే వారిలో ఎక్కువ. గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఓటు వేసి వచ్చిన మనకు మనిషిని ఎన్నుకోవడం తెలుసు. చట్టం మీద ఓటు మాత్రం మన తరఫున ఎమ్మెల్యేలు, ఎంపీలు వేస్తారు. చట్టాన్ని నేరుగా ప్రజల ఓటుకు పెట్టే ఏర్పాటు భారత రాజ్యాంగంలో లేదు. ఇక్కడ ఆ ఒక్క వరుస వరకు శాసనసభ్యురాలు మీరే. అందుకని పొలం కొనేముందు దస్తావేజు చదివినట్టు చదవాలి: ఏం చేతులు మారుతోంది, ఎవరు ఎంత కడతారు, రేపు తేడా వస్తే వెనక్కి తీసుకునే దారి ఉందా. ఉద్దేశం మంచిదా కాదా అన్న ఒక్క ప్రశ్నతో ఆగిపోతే దాదాపు ప్రతి ప్రొపోజిషనూ మంచిదిగానే కనిపిస్తుంది. అలా కనిపించేలాగే రాస్తారు.

అసలు ఇది మీ బ్యాలెట్ మీదికి ఎలా వచ్చిందో చూడండి. కాలిఫోర్నియాలో 1911లో, హైరమ్ జాన్సన్ గవర్నరుగా ఉండగా ఈ హక్కు ప్రజలకు వచ్చింది. సదరన్ పసిఫిక్ రైల్వే కంపెనీ చెప్పినట్టల్లా శాసనసభ ఆడుతోందన్న కోపం దాని వెనక ఉంది. ఈనాడు రాష్ట్ర స్థాయి ప్రొపోజిషన్ మూడు దారుల్లో వస్తుంది. రాజ్యాంగ సవరణనో, పెద్ద అప్పునో శాసనసభే ప్రజల ముందు పెట్టవచ్చు. లేదా బయటివాళ్లు సంతకాలు సేకరించి కొత్త చట్టం పెట్టవచ్చు. దీన్ని ఇనీషియేటివ్ అంటారు. మామూలు చట్టమైతే గత గవర్నరు ఎన్నికలో పోలైన ఓట్లలో 5 శాతం, రాజ్యాంగ సవరణైతే 8 శాతం సంతకాలు కావాలి. 2022 ఎన్నికను బట్టి లెక్క వేస్తే అవి 5,46,651, 8,74,641. ఇన్ని సంతకాలు ఊరికే రావు. కిరాణా కొట్టు బయట అట్ట పట్టుకుని నిలబడే మనుషులకు చాలాసార్లు సంతకానికి ఇంత అని డబ్బు ముడుతుంది. అందుకే "ప్రజలే పెట్టారు" అన్న మాట విన్నప్పుడు, ఆ సంతకాల ఖర్చు ఎవరు భరించారని అడగడం తప్పేమీ కాదు. మూడో దారి రెఫరెండం. శాసనసభ చేసిన చట్టం నచ్చనివాళ్లు సంతకాలు తెచ్చి దాన్ని ఆపి, ప్రజల తీర్పుకు పెడతారు. ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే.

2016 నవంబరు సంగతే తీసుకోండి. పల్చటి ప్లాస్టిక్ సంచులను నిషేధిస్తూ 2014లో శాసనసభ చట్టం చేసింది. సంచుల తయారీదారులు సంతకాలు సేకరించి దాన్ని బ్యాలెట్ మీదికి తెచ్చారు. అదే ప్రొపోజిషన్ 67. తెచ్చింది నిషేధాన్ని వ్యతిరేకించేవాళ్లు. కాని ఎస్ అంటే నిషేధం ఉండాలని, నో అంటే పోవాలని. అదే బ్యాలెట్ మీద అదే పరిశ్రమ మద్దతుతో ప్రొపోజిషన్ 65 కూడా ఉంది. సంచికి దుకాణం వసూలు చేసే సొమ్ము పర్యావరణ నిధికి పోవాలని అది చెప్పింది. పర్యావరణం మీద ప్రేమ ఉన్నవాళ్లు రెండింటికీ కళ్లు మూసుకుని ఎస్ పెట్టేలా ఉంది ఆ మాట. రెండూ గెలిచి, ఒకదానితో ఒకటి పొసగని చోట ఎక్కువ ఎస్ ఓట్లు వచ్చిన దాని మాటే చెల్లుతుందని రాష్ట్ర రాజ్యాంగం. చివరికి 67 గెలిచింది, 65 ఓడిపోయింది. ఈ గందరగోళం తగ్గించడానికి 2023లో చట్టం మార్చారు. ఇకమీదట రెఫరెండంలో ఎస్, నో బదులు "చట్టాన్ని ఉంచాలి", "చట్టాన్ని కొట్టేయాలి" అనే అర్థం వచ్చే మాటలు ఉంటాయి. ఇది కాలిఫోర్నియా వరకే. ఇతర రాష్ట్రాల్లో ఇప్పటికీ జాగ్రత్త అవసరం. వాషింగ్టన్ రాష్ట్రంలో 2024లో వచ్చిన 2117వ ఇనీషియేటివ్‌కు ఎస్ అంటే ఉన్న వాతావరణ చట్టాన్ని రద్దు చేయమని. అది ఓడిపోయింది.

కాబట్టి మొదటి పని: ప్రతి ప్రొపోజిషన్‌కూ "ఎస్ గెలిస్తే మర్నాడు ఏం మారుతుంది, నో గెలిస్తే ఏం మిగులుతుంది" అని తెలుగులో ఒక్కో వాక్యం రాసుకోండి. ఆ రెండు వాక్యాలు రాయలేకపోతే ఇంకా అర్థం కానట్టే. అవి రాయడానికి కావలసినదంతా మీ ఇంటికి వచ్చిన రాష్ట్ర ఓటరు సమాచార పుస్తకంలోనే ఉంది. చిక్కల్లా దాన్ని మొదటి పేజీ నుంచి వరుసగా చదవబోవడంలో ఉంది.

ప్రతి ప్రొపోజిషన్‌కూ పైన ఉండే శీర్షిక, సారాంశం రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయం రాస్తుంది. అటార్నీ జనరల్ ఒక పార్టీ తరఫున ఎన్నికైన నాయకుడు. శీర్షికలో అబద్ధం ఉండదు, కాని ఏ సంగతి ముందు చెప్పాలన్న ఎంపిక ఉంటుంది. 2018లో పెట్రోలు పన్ను పెంపును రద్దు చేయాలంటూ ప్రొపోజిషన్ 6 వచ్చింది. దాని శీర్షిక "రోడ్ల మరమ్మతుల నిధుల తొలగింపు" అన్న భావంతో మొదలైంది. నిజమే, ఆ పన్ను రోడ్లకే వెళ్తోంది. కాని పన్ను తగ్గుతుందన్న మాట ముందుంటే ఓటరు మనసు ఒకలా, రోడ్ల డబ్బు పోతుందన్న మాట ముందుంటే ఇంకోలా ఉంటుంది కదా. అది ఓడిపోయింది.

అందుకే శీర్షిక దాటేసి నేరుగా లెజిస్లేటివ్ ఎనలిస్ట్, అంటే శాసనసభకు లెక్కలు చూసి సలహా ఇచ్చే అధికారి, రాసిన విశ్లేషణకు వెళ్లండి. అది ఏ పార్టీకీ చెందని కార్యాలయం. నా ఉద్దేశంలో ఆ పుస్తకం మొత్తంలో విలువైన పేజీలు అవే. ఇప్పుడు ఉన్న పరిస్థితి ఏమిటి, ఈ ప్రతిపాదన ఏం మారుస్తుంది, రాష్ట్రానికీ ఊళ్లకూ ఖర్చెంత అన్నది ఆ వరుసలోనే ఉంటుంది. "ఇప్పుడు ఉన్న పరిస్థితి" అన్న భాగాన్ని చాలామంది వదిలేస్తారు. దయచేసి వదలకండి. సగం ప్రచారం నిలబడేది ఇప్పుడు ఏముందో జనానికి తెలియకపోవడం మీదే. తరువాత అనుకూల, ప్రతికూల వాదనలు. వాటిలో వాదన కన్నా కింది సంతకాలు చూడండి, ఎదుటివాళ్ల వాదనకు జవాబులో ఏ సంగతిని తాకకుండా తప్పించుకున్నారో చూడండి. అసలు చట్ట పాఠం పుస్తకం చివర ఉంటుంది. మొత్తం చదవక్కరలేదు. అమలు తేదీ, సవరణ నిబంధన, నిర్వచనాలు, ఈ మూడూ వెతకండి.

నిర్వచనాలు ఎందుకంటే, కొన్నిసార్లు అసలు కథ అక్కడే ఉంటుంది. 2024 నవంబరులో ప్రొపోజిషన్ 34 వచ్చింది. కొన్ని ఆరోగ్య సంస్థలు మందుల మీద వచ్చే ఆదాయంలో 98 శాతం రోగుల వైద్యానికే ఖర్చు పెట్టాలని దాని సారం. ఎవరు కాదంటారు? కాని ఆ నిబంధన ఎవరికి వర్తిస్తుందో చదివితే, వైద్యానికి కాని పనుల మీద పదేళ్లలో 10 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టి, నివాస భవనాలు నడుపుతూ, వాటిలో కనీసం 500 తీవ్రమైన ఉల్లంఘనలు నమోదైన సంస్థలకట. ఆరోగ్య చట్టంలో అద్దె ఇళ్ల ఉల్లంఘనల ప్రస్తావన ఎందుకు? ఆ షరతులు సరిపోయేలా ఉన్న ఎయిడ్స్ హెల్త్‌కేర్ ఫౌండేషన్ అనే సంస్థ అద్దెల నియంత్రణ కోసం 2018లో, 2020లో, మళ్లీ 2024లో ప్రొపోజిషన్లు తెచ్చింది. 34కు డబ్బు పెట్టింది కాలిఫోర్నియా అపార్ట్‌మెంట్ అసోసియేషన్, అంటే భవన యజమానుల సంఘం. ఆ ఫౌండేషన్ పద్ధతి మంచిదా, యజమానుల పట్టుదల న్యాయమా అన్నది మీ ఇష్టం. కాని ఈ పోరు తెలియకుండా 34కు ఓటు వేసినవాళ్లు తాము దేని మీద తీర్పు చెబుతున్నారో తెలియకుండానే చెప్పారు. అది స్వల్ప తేడాతో గెలిచింది.

డబ్బు ఎవరిదో కనుక్కోవడం కష్టం కాదు. పెద్ద మొత్తాలు ఇచ్చినవారి జాబితాలు రాష్ట్ర ప్రభుత్వమే వెబ్‌సైటులో పెడుతుంది. టీవీ ప్రకటన చివర, పోస్టులో వచ్చే కరపత్రం అడుగున ప్రధాన దాతల పేర్లు చట్టం ప్రకారం ఉండాలి. కమిటీ పేరు ఎంత చల్లగా ఉన్నా దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న పేర్లు చూడండి. 2020లో ఊబర్, లిఫ్ట్, డోర్‌డ్యాష్ వంటి కంపెనీలు ప్రొపోజిషన్ 22 మీద 20 కోట్ల డాలర్లకు పైగా పెట్టాయి. డ్రైవర్లను ఉద్యోగులుగా కాక స్వతంత్ర కాంట్రాక్టర్లుగానే ఉంచడానికి. డబ్బు పెట్టినంత మాత్రాన ప్రతిపాదన చెడ్డదని నేను అనను. ఎవరికి ఎంత లాభం లేకపోతే అంత పెడతారన్నది ఆలోచించమంటున్నాను.

అదే 22లో సవరణ నిబంధన చూడండి. శాసనసభ దాన్ని మార్చాలంటే ఎనిమిదింట ఏడు వంతుల మెజారిటీ కావాలని రాసుకున్నారు. ఆచరణలో అది జరిగే పని కాదు. కాలిఫోర్నియాలో ప్రజలు ఓటుతో చేసిన చట్టాన్ని, ఆ చట్టమే అనుమతిస్తే తప్ప, శాసనసభ సొంతంగా మార్చలేదు, మళ్లీ ప్రజల దగ్గరికే రావాలి. 1978 జూన్‌లో ప్రజలు ఆమోదించిన ప్రొపోజిషన్ 13 ఇప్పటికీ మన ఆస్తి పన్నును శాసిస్తోంది. వాణిజ్య భవనాల వరకు దాన్ని సడలించాలని 2020లో ప్రొపోజిషన్ 15 వస్తే అదీ ఓడిపోయింది. ఒక్కసారి పడిన ఓటు ఇన్నేళ్లు నిలుస్తుంది. అందుకే తప్పులు సరిదిద్దుకునే దారి మూసేసిన ప్రతిపాదన ఎంత ఆకర్షణీయంగా ఉన్నా నేను దానికి ఎక్కువ రుజువు అడుగుతాను.

ఇప్పుడు డబ్బు లెక్కలు. మన కుటుంబాలకు నేరుగా తగిలేవి ఇవే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

రాష్ట్ర బాండు అంటే రాష్ట్రం చేసే అప్పు. 2024లో ప్రొపోజిషన్ 2 కింద పాఠశాలల మరమ్మతులకు, నిర్మాణానికి 1,000 కోట్ల డాలర్ల అప్పుకు ప్రజలు ఒప్పుకున్నారు. ఏటా సుమారు 50 కోట్ల డాలర్లు, 35 ఏళ్లపాటు తీర్చాలని విశ్లేషణలో ఉంది. గుణిస్తే 1,750 కోట్లు. ఈ సొమ్ము రాష్ట్ర సాధారణ నిధి నుంచి పోతుంది, మీ ఇంటి పన్ను బిల్లు పెరగదు. కాని ఏటా ఆ 50 కోట్లు వేరే పనికి ఉండవు. ముప్పై అయిదేళ్లకు పైగా నిలిచే బడి భవనానికి ఇలా అప్పు చేయడం నాకు సబబుగానే తోస్తుంది. ఏటా వచ్చే మామూలు ఖర్చులకు అప్పు చేస్తే మాత్రం ఒప్పుకోబుద్ధి కాదు.

స్థానిక బాండు కథ వేరు. అది మీ ఇంటి పన్ను బిల్లులో వేరే వరుసగా కనిపిస్తుంది. ప్రొపోజిషన్ నంబర్లతో వచ్చేవి రాష్ట్రానివి, అక్షరాలతో వచ్చే మెజర్లు స్కూలు డిస్ట్రిక్టువో, నగరానివో, కౌంటీవో. స్కూలు బాండుకు 55 శాతం ఓట్లు చాలు. కిండర్‌గార్టెన్ నుంచి పన్నెండో తరగతి వరకు నడిపే యూనిఫైడ్ డిస్ట్రిక్టులో, అలాంటి బాండు ఒక్కొక్కదానికి అంచనా పన్ను లక్ష డాలర్ల విలువకు ఏటా 60 డాలర్లు దాటకూడదు. ఇక్కడ విలువ అంటే మార్కెట్ ధర కాదు, కౌంటీ లెక్కలో ఉన్న విలువ. ప్రొపోజిషన్ 13 వల్ల ఇల్లు చేతులు మారేదాకా అది ఏటా 2 శాతానికి మించి పెరగదు. మీరు ఈమధ్య 15 లక్షల డాలర్లకు ఇల్లు కొన్నారనుకోండి. ఆ గరిష్ఠ రేటులో మీకు ఏడాదికి 900 డాలర్లు. పక్కింటి పెద్దాయన 1995లో 3 లక్షలకు కొని ఉంటే, ఆయన ఇంటి లెక్క విలువ ఇప్పుడు అయిదున్నర లక్షల దగ్గర ఉంటుంది. ఆయనకు 330. ఒకే వీధి, ఒకే రకం ఇల్లు, ఒకే బడి. మన తెలుగు కుటుంబాల్లో చాలామంది మంచి బడుల కోసమే ఈమధ్య ఇళ్లు కొన్నవాళ్లు కాబట్టి ఈ భారం మనవైపే ఎక్కువ మొగ్గుతుంది. దానికి ఎస్ పెట్టకూడదని కాదు, నేనైతే చాలా వాటికి పెట్టాను. ఇంత కడుతున్నామని తెలిసి పెట్టాలి.

దీనికోసం కౌంటీ పంపే స్థానిక పుస్తకంలో "టాక్స్ రేట్ స్టేట్‌మెంట్" అని ఒక పేజీ ఉంటుంది. అసలు, వడ్డీ కలిపి మొత్తం ఎంత తీర్చాలో అందులో రాసి తీరాలి. శాన్ డియాగో దగ్గరి పోవే స్కూలు డిస్ట్రిక్టు 2011లో చెల్లింపులను ఏళ్ల తరబడి వెనక్కి నెట్టే రకం బాండుతో 10.5 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. తీర్చవలసింది దాదాపు 100 కోట్లు. దాని తరువాత 2013లో రాష్ట్రం చట్టం తెచ్చి, తీర్చే మొత్తం అసలుకు నాలుగు రెట్లు దాటకుండా కట్టడి చేసింది. ఇంకో మాట: "పన్ను రేటు పెంచకుండానే" అని బాండు మీద రాసి ఉంటే, పాత అప్పు తీరి మీ పన్ను తగ్గవలసిన సమయానికి ఈ కొత్త అప్పు దాని స్థానంలోకి వస్తోందని అర్థం.

నగరాలు పెట్టే అమ్మకపు పన్ను మెజర్లను మరింత నిదానంగా చదవండి. బ్యాలెట్ మీద ఆ మాటలు రాసేది మెజర్ పెట్టిన నగరమే. గుంతలు పూడుస్తాం, అత్యవసర సేవలు కాపాడుతాం, పార్కులు బాగుచేస్తాం అని ఉంటుంది. అది "జనరల్ టాక్స్" అయితే ఆ సొమ్ము నగర సాధారణ నిధిలో కలుస్తుంది, రేపటి కౌన్సిల్ దాన్ని దేనికైనా వాడవచ్చు. దానికి సగానికి పైగా ఓట్లు చాలు. ఫలానా పనికే వాడాలని కట్టుబడి నగరం పెట్టే "స్పెషల్ టాక్స్"కు మూడింట రెండు వంతులు కావాలి. ఏది ఏదో నగర అటార్నీ రాసే 500 పదాల నిష్పాక్షిక విశ్లేషణ చెబుతుంది. పన్ను రేటు, ఏటా వచ్చే సొమ్ము, ఎన్నాళ్లు అన్నవి బ్యాలెట్ మీదే ఉండాలి. "ఓటర్లు రద్దు చేసేవరకు" అని ఉంటే గడువు లేదన్నమాట. పార్శిల్ టాక్స్, అంటే ఒక్కో స్థలానికి ఇంత అని వేసే పన్ను, అయితే సాధారణంగా ఇంటి విలువతో పని లేదు. చిన్న ఇంటికీ, పెద్ద ఇంటికీ ఒకటే మొత్తం పడుతుంది. పెద్దవాళ్లకు మినహాయింపు ఉందేమో పాఠంలో చూడండి.

ఇక మీ బావగారి మాట. అందులో కొంత నిజం ఉంది. ఇనీషియేటివ్‌కు నో అంటే ఉన్న చట్టం ఉన్నట్టు ఉంటుంది, మంచి ఆలోచనైతే మెరుగుపడి ఇంకో ఎన్నికకు రావచ్చు. బాగా చదివాక కూడా అనుమానం తీరని ఇనీషియేటివ్‌కు నేనూ నో పెడతాను. కాని అన్నిటికీ నో అంటే అన్నిచోట్లా యథాతథ స్థితి కాదు. రెఫరెండంలో నో అన్న ఓటు, శాసనసభ చేసిన చట్టాన్ని తీసేస్తుంది. ఇప్పటికే ఉన్న పార్శిల్ టాక్స్ పొడిగింపుకు నో గెలిస్తే, ఆ సొమ్ముతో నడిచే లైబ్రేరియన్లు, సంగీతం టీచర్ల ఉద్యోగాలు ఊడవచ్చు. పైగా మూడింట రెండు వంతులు కావలసిన చోట ఒక్క నో ఓటు రెండు ఎస్ ఓట్లకు సమానం. నిజంగా అర్థం కాకపోతే ఆ వరుస ఖాళీగా వదిలేయండి. మిగతా బ్యాలెట్ చెల్లుతుంది. ఆ మెజర్ ఫలితం దానికి పడిన ఓట్ల మీదే లెక్కిస్తారు కాబట్టి ఖాళీ ఓటు ఎటూ మొగ్గదు.

వాట్సాప్‌లో తిరిగే "దీనికి ఎస్, దానికి నో" జాబితాలు చూసి పెట్టేవాళ్లు మన సంఘాల్లో కూడా ఉన్నారు. జాబితా తప్పు కాదు, దాన్ని ఎవరు, ఎందుకు తయారుచేశారో తెలియకపోవడం తప్పు. పోస్టులో వచ్చే రంగురంగుల ఓటరు గైడ్లలో ఏదైనా పేరు పక్కన నక్షత్రం గుర్తు ఉంటే, అక్కడ కనిపించడానికి ఆ ప్రచారం డబ్బు చెల్లించిందని అర్థం. అడుగున చిన్న అక్షరాల్లో ఆ సంగతి రాసే ఉంటుంది. నాకు ఉపయోగపడే పద్ధతి ఒకటుంది. నా అభిప్రాయాలతో కలిసే సంస్థ ఒకటి, కలవని సంస్థ ఒకటి, రెండూ ఏం చెప్పాయో చూస్తాను. రెండూ ఒకే మాట చెబితే నాకు చాలా సమయం మిగులుతుంది. వేరుగా చెబితే ఎక్కడ విడిపోయాయో అక్కడే చదవవలసిన సంగతి ఉంటుంది.

వేరే రాష్ట్రాల్లో ఉన్న బంధువులకు ఇది పంపేట్టయితే కొన్ని తేడాలు చెప్పండి. టెక్సాస్‌లో రాష్ట్ర స్థాయిలో ప్రజలు నేరుగా ఇనీషియేటివ్ పెట్టలేరు, శాసనసభ పంపిన రాజ్యాంగ సవరణలే వస్తాయి. అక్కడ ప్రతి స్కూలు బాండు మీదా "ఇది ఆస్తి పన్ను పెంపు" అన్న వాక్యం 2019 చట్టం ప్రకారం ఉంటుంది, రేటు పెరగకపోయినా సరే. ఫ్లోరిడాలో రాజ్యాంగ సవరణకు 60 శాతం కావాలి. 2024లో గర్భస్రావ హక్కు గురించిన సవరణకు 57 శాతం వచ్చినా ఓడిపోయింది. డెలావేర్‌లో రాజ్యాంగ సవరణలు ప్రజల ఓటుకే రావు.

సమయం ఎంత పడుతుందని కూడా అడిగారు. ఒక సాయంత్రం రాష్ట్రానివి, ఇంకో సాయంత్రం స్థానికం, అంతే. వీలైతే ఇంట్లో ఓటు ఉన్నవాళ్లంతా తలా రెండు ప్రొపోజిషన్లు చదివి మిగతావాళ్లకు వివరించండి. ఓటు ఎవరిది వాళ్లే వేసుకోవాలి, చదువు మాత్రం పంచుకోవచ్చు. గ్రీన్‌కార్డు మీద ఉన్న అత్తగారో, మామగారో చర్చలో కూర్చోవచ్చు, బ్యాలెట్ మాత్రం ముట్టకూడదు. ఇంగ్లీషు ఇబ్బందిగా ఉన్న పెద్దవాళ్లు పౌరులైతే, బూత్‌లోకి ఇద్దరి వరకు సాయానికి తీసుకెళ్లవచ్చు. వాళ్ల యజమాని గానీ, యూనియన్ ప్రతినిధి గానీ కాకూడదు. మీ కౌంటీలో తెలుగు నమూనా బ్యాలెట్ ఉందేమో ఎన్నికల కార్యాలయానికి ఫోను చేసి అడగండి.

పోస్టులో పంపేట్టయితే ఎన్నిక రోజుకల్లా ముద్ర పడాలి, ఆ తరువాత 7 రోజుల్లోపు చేరాలి. ఆఖరి రోజు అయిపోతే పోస్టు కన్నా కౌంటీ డ్రాప్ బాక్సు మేలు. కవరు మీద సంతకం మరచిపోవద్దు. కొత్త పౌరులకు ఎక్కువగా వచ్చే ఇబ్బంది ఇదే: డ్రైవింగ్ లైసెన్సు మీద ఒక సంతకం, కవరు మీద ఇంకో రకం. రెండూ పోలకపోతే కౌంటీవాళ్లు మీకు ఉత్తరం పంపుతారు. దాన్ని ప్రచార కాగితాల్లో కలిపి పారేయకుండా, అందులో ఇచ్చిన ఫారం నింపి గడువులోపు తిప్పి పంపితే మీ ఓటు లెక్కలోకి వస్తుంది.